హెచ్‌ఐవీ ఉన్న మహిళల్లో అనుకోని గర్భం: కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

కందుకూరు: హెచ్‌ఐవీ ఉందని తెలిసిన ఇంట్లో నెల తప్పితే చాలామందికి మొదట వచ్చేది భయమే. బిడ్డకు కూడా సోకుతుందేమో, దవాఖానలో పేరు బయటపడుతుందేమో, అత్తగారింట్లో ఏమంటారో, ఇది దీన్ ప్రకారం ఏమవుతుందో అని మనసులో పది ప్రశ్నలు తిరుగుతాయి. ఆ భయంతోనే కొందరు మందులు ఆపేస్తారు. కొందరు నాలుగైదు నెలలు ఎవరికీ చెప్పకుండా గడిపేస్తారు. ఇంకొందరు మెడికల్ షాపులో ఏదో మాత్ర కొని మింగేస్తారు. ఈ మూడు పనులూ తల్లికీ బిడ్డకూ నష్టం చేసేవే. సమయానికి సరైన చోటికి వెళ్తే మాత్రం తల్లి ఆరోగ్యంగా ఉండటం, బిడ్డ హెచ్‌ఐవీ లేకుండా పుట్టడం ఈరోజు సాధ్యమే. మన రాష్ట్రంలో సర్కారు దవాఖానల్లో ఈ వైద్యం ఉచితం.

శ్రీశైలం రోడ్డు మీద ఉన్న రంగారెడ్డి జిల్లా కందుకూరు, పక్కనున్న మహేశ్వరం, తుక్కుగూడ, శంషాబాద్ ప్రాంతాల కుటుంబాల కోసం ఈ విషయాలన్నీ ఒకచోట ఇక్కడ ఇస్తున్నాం. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక కందుకూరు ఉంది. ఇందులోని దారి, దవాఖానల వివరాలు మాత్రం తెలంగాణ కందుకూరుకు సంబంధించినవి.

ముందుగా ముఖ్యమైన మాటలు

• నెల తప్పినా, తప్పిందని అనుమానం వచ్చినా హెచ్‌ఐవీ మందులు ఒక్క రోజు కూడా ఆపకూడదు.
• మందులు సరిగా వాడి, రక్తంలో వైరస్ అదుపులో ఉంటే బిడ్డకు సోకే ప్రమాదం చాలా చాలా తక్కువ.
• గర్భం ఇప్పుడు వద్దనుకునే భార్యాభర్తలకు ఉచిత తాత్కాలిక పద్ధతులు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావరకు ఏఆర్టీ మందులతో కలిపి వాడొచ్చు.
• మహిళ ఒప్పుకోకుండా అబార్షన్ గానీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గానీ చేయడం చట్టప్రకారం కుదరదు.
• సందేహాలకు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

అనుకోని గర్భం అంటే ఏమిటి?

ఇప్పుడే వద్దు, రెండేళ్ల తర్వాత చూద్దాం అనుకున్నప్పుడు నిలిచే గర్భం, ఇక పిల్లలు చాలు అనుకున్నాక నిలిచే గర్భం - రెండింటినీ వైద్యులు అనుకోని గర్భం అనే అంటారు. ఇది హెచ్‌ఐవీ ఉన్నవారికి మాత్రమే జరిగేది కాదు. ప్రపంచం మొత్తం మీద ఏటా వచ్చే గర్భాల్లో దాదాపు సగం అనుకోనివేనని, వాటి సంఖ్య సుమారు 12 కోట్లని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2022 నివేదిక చెప్పింది.

హెచ్‌ఐవీ ఉన్న మహిళ విషయంలో దీనికి అదనపు బరువు ఉంది. ముందే అనుకుని గర్భం దాల్చితే వైరల్ లోడ్ పరీక్ష చేయించుకుని, వైరస్ అదుపులోకి వచ్చాకే ముందుకు వెళ్లొచ్చు. రక్తహీనత, టీబీ లాంటివి ఉంటే ముందే చూపించుకోవచ్చు. అనుకోకుండా నిలిస్తే ఆ అవకాశం పోతుంది. అందుకే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఆపే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రణాళికలో నాలుగు భాగాలు ఉన్నాయి. మొదటిది మహిళలకు హెచ్‌ఐవీ సోకకుండా చూడటం. రెండోది హెచ్‌ఐవీ ఉన్న మహిళల్లో అనుకోని గర్భాలను నివారించడం. మూడోది గర్భిణి నుంచి బిడ్డకు సోకకుండా మందులివ్వడం. నాలుగోది తల్లీబిడ్డల, కుటుంబం బాగోగులు చూడటం. మన దగ్గర మూడో భాగం గురించి అందరూ మాట్లాడతారు. రెండో భాగం మాత్రం కౌన్సెలింగ్ గదిలోనే ఆగిపోతుంది, ఒక్కోసారి అక్కడికి కూడా చేరదు.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె దగ్గర చదువుతున్న నిర్మల కలిసి వాటిని గుర్తించారు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటైంది. 2004 ఏప్రిల్ 1న కేంద్రం ఉచిత ఏఆర్టీ మందులు మొదలుపెట్టినప్పుడు ఆ మొదటి రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. పెద్దవాళ్లలో దేశ సగటు 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. అంటే తెలంగాణలో దేశ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవారిలో దాదాపు 45 శాతం మంది ఆడవాళ్లే. వీరిలో చాలామందికి పెళ్లి చేసుకున్న భర్త ద్వారానే సోకింది. కాబట్టి ఒక ఆడమనిషికి హెచ్‌ఐవీ ఉందని తెలియగానే ఆమె నడవడిక మీద అనుమానపడటం అన్యాయం, అజ్ఞానం కూడా.

ఇంకో లెక్క కూడా చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో సుమారు 62 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. నిరోధ్, కాపర్ టీ, మాత్రల్లాంటి తాత్కాలిక పద్ధతులు వాడేవాళ్లు చాలా తక్కువ. అంటే మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే అన్న అలవాటు పడిపోయింది. శాశ్వత ఆపరేషన్ దీన్ పరంగా సరికాదని భావించే ముస్లిం కుటుంబాలకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఆపరేషన్ వద్దన్నాక, మధ్యలో వాడే పద్ధతుల గురించి చెప్పేవాళ్లు దొరకరు. అలా ఏ పద్ధతీ లేకుండా మిగిలిపోయిన ఇళ్లలోనే అనుకోని గర్భాలు వస్తాయి.

ఎందుకు జరుగుతోంది?

ఏఆర్టీ సెంటర్లలో మాట ఎక్కువగా మందుల చుట్టూ, సీడీ4, వైరల్ లోడ్ చుట్టూ తిరుగుతుంది. ఆడవాళ్ల వార్డులో గర్భనిరోధం గురించి చెబుతారు కానీ అక్కడ హెచ్‌ఐవీ సంగతి చెప్పుకోవడానికి మనసొప్పదు. ఒకచోట ఒక సగం, ఇంకోచోట ఇంకో సగం. రెండు సగాలూ కలవవు.

రెండో కారణం నిరోధ్. హెచ్‌ఐవీ ఉన్న జంటలకు అన్నిచోట్లా చెప్పే సలహా ఇదే. మంచి సలహానే. కానీ ప్రతిసారీ తప్పకుండా వాడితేనే గర్భం ఆగుతుంది. వాడాలా వద్దా అన్నది ఎక్కువ ఇళ్లలో భర్త చేతిలోనే ఉంటుంది. భార్యకు తన హెచ్‌ఐవీ సంగతి భర్తతో చెప్పే ధైర్యం లేకపోతే నిరోధ్ వాడమని అడగడం కూడా కష్టమే.

మూడోది, ఆరోగ్యం తిరిగి రావడం. మందులు మొదలుపెట్టిన ఏడాదిలో బలం వస్తుంది, నెలసరి క్రమంగా వస్తుంది. తనకు ఇక పిల్లలు పుట్టరని అనుకున్న మహిళకు అప్పుడే నెల తప్పుతుంది. హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన సంతానం కలగకుండా పోదు.

నాలుగోది, పాలిచ్చే తల్లులు. ఆరు నెలల లోపు బిడ్డకు పగలూ రాత్రీ తల్లిపాలే ఇస్తూ, నెలసరి రాకుండా ఉంటేనే అది గర్భాన్ని ఆపుతుంది. బిడ్డకు పైపాలు మొదలుపెట్టినా, నెలసరి వచ్చినా, ఆరు నెలలు దాటినా ఆ రక్షణ ఉండదు.

ఏ పద్ధతి పనికొస్తుంది?

ఇప్పుడు దేశంలో హెచ్‌ఐవీ ఉన్న చాలామంది పెద్దవాళ్లకు ఇస్తున్నది రోజుకు ఒకే మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు ఉంటాయి. టీఎల్‌డీ అని పిలుస్తారు. ఈ మాత్ర గర్భనిరోధక మాత్రల, ఇంజెక్షన్ల పనిని చెడగొట్టదు. పాత మందు ఎఫావిరెంజ్ విషయం వేరు. అది గర్భనిరోధక హార్మోన్లను శరీరంలో త్వరగా కరిగించేస్తుంది. చేతిలో పెట్టే ఇంప్లాంట్ వేసుకున్నా ఎఫావిరెంజ్ వాడుతున్న మహిళలు గర్భం దాల్చిన సంగతి ఆఫ్రికా దేశాల్లో వెలుగు చూసింది. టీబీకి వాడే రిఫాంపిసిన్ కూడా గర్భనిరోధక మాత్రల బలం తగ్గిస్తుంది. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా, తాను వాడుతున్న అన్ని మందుల పేర్లూ డాక్టర్‌కు చెప్పాలి.

నిరోధ్: హెచ్‌ఐవీ నుంచీ సుఖవ్యాధుల నుంచీ గర్భం నుంచీ మూడింటి నుంచి కాపాడేది ఇదొక్కటే. అయితే గర్భం ఆపడంలో దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా ఇంకో పద్ధతితో కలిపి వాడటం మంచిదని వైద్యుల సలహా.

కాపర్ టీ: గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం. రకాన్ని బట్టి ఐదేళ్లు లేదా పదేళ్లు పనిచేస్తుంది. తీయిస్తే మళ్లీ గర్భం వస్తుంది. హార్మోన్లు ఉండవు కాబట్టి ఏ మందుతోనూ గొడవ లేదు. కాన్పైన 48 గంటల్లోపు కూడా పెట్టించుకోవచ్చు. ఆరోగ్యం బాగా క్షీణించి ఉన్న దశలో మాత్రం కొత్తగా పెట్టే ముందు డాక్టర్ ఆలోచిస్తారు.

అంతరా ఇంజెక్షన్: మూడు నెలలకోసారి. సర్కారు దవాఖానల్లో ఉచితం. ఏఆర్టీ మందులతో సమస్య లేదు. ఆపేశాక మళ్లీ గర్భం నిలవడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. ఈ ఇంజెక్షన్ వల్ల హెచ్‌ఐవీ సోకే ప్రమాదం పెరుగుతుందా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాటినీ దేశాల్లో 7,800 మందికి పైగా మహిళలతో జరిగి 2019లో ఫలితాలు వచ్చిన పెద్ద పరిశోధనలో ఇంజెక్షన్, కాపర్ సాధనం, ఇంప్లాంట్ మధ్య అలాంటి పెద్ద తేడా కనిపించలేదు.

ఛాయా: హార్మోన్ లేని మాత్ర. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వాడొచ్చు.

మాలా-ఎన్: రోజూ వేసుకునే మాత్ర. టీఎల్‌డీతో వాడొచ్చు. రోజూ మరిచిపోకుండా వేసుకోవాలి.

అత్యవసర మాత్ర: నిరోధ్ చిరిగినా, ఇంకే పొరపాటు జరిగినా 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరుకుతుంది. ఎఫావిరెంజ్ వాడేవారిలో దీని బలం తగ్గుతుంది కనుక, ఐదు రోజుల్లోపు కాపర్ టీ పెట్టించుకోవడం మేలు.

ఆపరేషన్ శాశ్వతం. ఆడవాళ్లకు చేసే దానికంటే మగవాళ్లకు చేసే వేసెక్టమీ చిన్నది, తేలికైనది. రెండూ గర్భాన్ని ఆపుతాయి కానీ హెచ్‌ఐవీ సోకకుండా ఆపలేవు.

నెల తప్పితే వెంటనే ఏం చేయాలి?

మొదటిది, పరీక్ష. ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది. రెండోది, మందు ఆపకపోవడం. డోలుటెగ్రావిర్ మీద 2018లో బోట్స్‌వానా నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. గర్భం నిలిచే సమయంలో ఈ మందు వాడితే బిడ్డ వెన్నెముక లోపాలు పెరగవచ్చని అప్పుడు అనుమానించారు. తర్వాత వేలాది కాన్పుల లెక్కలు వచ్చాక ఇతర మందులతో పోలిస్తే తేడా లేదని తేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థా, మన దేశ మార్గదర్శకాలూ గర్భిణులకు ఇదే మందును సిఫారసు చేస్తున్నాయి. పాత వార్త విని ఇప్పటికీ మాత్ర మానేసేవాళ్లు ఉన్నారు. అది ప్రమాదం.

మూడోది, ఏఆర్టీ సెంటర్‌కూ కాన్పుల దవాఖానకూ రెండింటికీ చెప్పడం. హెచ్‌ఐవీ ఉందో లేదో తెలియని గర్భిణి అయితే మొదటి చెకప్‌లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకోవాలి. పాజిటివ్ వస్తే ఆ వారంలోనే మందులు మొదలవ్వాలి. 2014 జనవరి నుంచి దేశంలో హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ సీడీ4 ఎంతున్నా జీవితాంతం మందులివ్వాలన్న విధానం అమల్లో ఉంది.

నాలుగోది చాలామందికి తెలియని చిన్న జాగ్రత్త. గర్భిణులకు ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు. ఖాళీ కడుపున ఇవి డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. టీఎల్‌డీ వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి ఐరన్, కాల్షియం వేసుకోవాలి. ముందే ఐరన్ వేసుకుంటే టీఎల్‌డీకి ఆరు గంటల ఎడం ఇవ్వాలి. అన్నంతో పాటు అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. గ్యాస్ మందుల విషయంలో మాత్రం అన్నంతో అయినా సరే ఎడం పాటించాల్సిందే.

బిడ్డను ఎలా కాపాడుకోవాలి?

ఏ మందూ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం వరకు ఉంటుంది. సోకడం కడుపులో, కాన్పు సమయంలో, పాల ద్వారా జరగవచ్చు. తల్లి సరిగా మందులు వాడితే ఇది 5 శాతం కంటే తక్కువకు, వైరస్ ముందునుంచే అదుపులో ఉంటే ఇంకా కిందికి దిగుతుంది.

గర్భం 32 నుంచి 36 వారాల మధ్య వైరల్ లోడ్ పరీక్ష ముఖ్యం. పుట్టిన బిడ్డకు ఎలాంటి మందు, ఎంతకాలం ఇవ్వాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. వైరస్ అదుపులో ఉంటే బిడ్డకు మామూలుగా ఆరు వారాలు సిరప్ ఇస్తారు. లేకపోతే రెండు రకాల మందులు ఇస్తారు. హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. వేరే వైద్య కారణం ఉంటేనే చేస్తారు. కాన్పు మాత్రం దవాఖానలోనే జరగాలి.

పాల విషయంలో మన దేశ మార్గదర్శకం స్పష్టంగా ఉంది. తల్లి మందులు వాడుతూ ఆరు నెలల వరకు తన పాలు మాత్రమే ఇవ్వాలి. ఆ తర్వాత పైతిండి మొదలుపెట్టి పాలు కొనసాగించవచ్చు. కొన్నాళ్లు తల్లిపాలు, కొన్నాళ్లు డబ్బాపాలు, మధ్యలో తేనె, నీళ్లు అని కలిపి ఇవ్వడం ఆరు నెలల లోపు మంచిది కాదు. పుట్టగానే తేనె లేదా ఖర్జూరం నాకించే తహ్నీక్ విషయంలో బిడ్డల డాక్టర్‌ను ముందే అడిగి నిర్ణయించుకోవడం మేలు.

బిడ్డకు పరీక్ష ఆరు వారాలకు మొదలవుతుంది. మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలతో వైరస్‌ను నేరుగా చూసే పరీక్ష అది. ఆరో నెలలో, ఏడాదికి మళ్లీ చేస్తారు. చివరి మాట 18 నెలలకు. మొదటి రిపోర్ట్ నెగెటివ్ రాగానే రావడం మానేయకూడదు.

గర్భం కొనసాగించలేమనుకుంటే చట్టం ఏం చెబుతోంది?

2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో అబార్షన్ చేయవచ్చు. గర్భనిరోధక పద్ధతి విఫలమవడం, తల్లి శారీరక లేదా మానసిక ఆరోగ్యానికి ముప్పు చట్టం గుర్తించిన కారణాలు. గర్భం ఉండగా భర్త చనిపోవడం లేదా విడాకులు కావడం 24 వారాల జాబితాలో ఉంది. పెద్దయిన మహిళకు తన అంగీకారం చాలు. భర్త సంతకం చట్టం అడగదు. పేరు గోప్యంగా ఉంచాలి. మాత్రలతో చేసే పద్ధతి తొమ్మిది వారాల లోపే, అదీ అర్హత ఉన్న డాక్టర్ పర్యవేక్షణలోనే.

ఇటు కూడా గమనించాలి. 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం గర్భిణి అయిన హెచ్‌ఐవీ మహిళకు ఆమె పూర్తిగా తెలుసుకుని ఒప్పుకోకుండా అబార్షన్ గానీ, సంతానం ఆపే ఆపరేషన్ గానీ చేయకూడదు. "నీకు ఈ జబ్బు ఉంది, ఆపరేషన్ చేయించుకుంటేనే కాన్పు చేస్తాం" అని ఎవరూ షరతు పెట్టకూడదు. ఇది మన దేశంలోనే పుట్టిన భయం కాదు. ఆఫ్రికాలోని నమీబియాలో హెచ్‌ఐవీ ఉన్న ముగ్గురు మహిళలు తమకు సరైన అంగీకారం లేకుండా ఆపరేషన్ చేశారని కోర్టుకు వెళ్లారు. 2012లో హైకోర్టు, 2014లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పిచ్చాయి.

మన చట్టంలో ఆడవాళ్లకు పనికొచ్చే మాటలు ఇంకా రెండున్నాయి. భర్తకు విషయం తెలిస్తే కొడతాడనో, వదిలేస్తాడనో సహేతుకమైన భయం ఉన్నప్పుడు వైద్య సిబ్బంది ఆమె సంగతి భర్తకు చెప్పకూడదు. హెచ్‌ఐవీ ఉన్న మహిళకు తాను ఉంటున్న కుటుంబ ఇంట్లోనే ఉండే హక్కు ఉంది, ఆమెను బయటకు గెంటకూడదు. అదే చట్టం, తనకు హెచ్‌ఐవీ ఉందని తెలిసినవారు ఇతరులకు సోకకుండా జాగ్రత్త పడాలని కూడా చెబుతోంది.

షరీఅత్ కోణంలో

ఈ విషయంలో కుటుంబాలకు రెండు అతి అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. ఏ పద్ధతి వాడినా హరామ్ అని ఒకటి, జబ్బు ఉంది కనుక కడుపు తీయించెయ్యాలి అని ఇంకొకటి. ఆలిమ్‌ల సామూహిక నిర్ణయాలు ఈ రెండింటినీ సమర్థించవు.

జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబర్‌లో కువైట్‌లో జరిగిన సమావేశంలో కుటుంబ నియంత్రణపై తీర్మానం చేసింది. షరీఅత్ గుర్తించిన అవసరం లేకుండా శాశ్వతంగా సంతాన శక్తిని పోగొట్టడం కుదరదని చెప్పింది. భార్యాభర్తలు ఒకరితో ఒకరు సంప్రదించుకుని, ఇద్దరి ఇష్టంతో, హాని లేని పద్ధతితో పిల్లల మధ్య ఎడం పాటించడానికి తాత్కాలికంగా గర్భాన్ని ఆపుకోవడం జాయిజ్ అని చెప్పింది. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం కాలంలో సహాబాలు అజ్ల్ పాటించిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉండటం ఈ చర్చకు పునాది.

అదే అకాడమీ 1995లో అబుధాబి సమావేశంలో ఎయిడ్స్ గురించి ప్రత్యేకంగా తీర్మానించింది. మామూలుగా కలిసి ఉండటం, తినడం ద్వారా ఇది సోకదు కనుక రోగిని వెలివేయడం అవసరం లేదంది. కావాలని ఇతరులకు సోకించడం హరామ్, శిక్షార్హమంది. తల్లికి హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో గర్భాన్ని తీయించడం సరికాదంది. తల్లి బిడ్డను పెంచడానికీ పాలివ్వడానికీ అడ్డు లేదంది. అప్పటికి ఇప్పుడున్నంత మంచి మందులు లేవు. మందులతో బిడ్డను కాపాడుకోగల ఈ రోజుల్లో ఆ మాటకు ఇంకా బలం వచ్చింది.

గర్భం 120 రోజులు దాటాక తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప తీయించరాదన్నది ఆలిమ్‌ల మాట. అంతకు ముందు సరైన కారణం ఉంటే అనుమతి ఉంటుందా అన్న దానిపై ఫిఖ్ మస్లక్‌లలో తేడాలున్నాయి. హనఫీ ఫుఖహాలో పలువురు నిజమైన ఉజ్ర్ ఉంటే అవకాశమిచ్చారు. కాబట్టి ఎవరి పరిస్థితిని వారు డాక్టర్ రిపోర్టులతో సహా నమ్మకమైన ముఫ్తీ ముందు పెట్టి అడగడం మంచిది. పేరు చెప్పకుండా కూడా మస్అలా అడగొచ్చు.

రంజాన్‌లో మందులు

టీఎల్‌డీ రోజుకు ఒక్కసారే కనుక రోజాకు అడ్డు కాదు. ఇఫ్తార్ తర్వాత లేదా సహ్రీలో ఒకే సమయం పెట్టుకుని వేసుకోవచ్చు. సమయం మార్చేముందు ఏఆర్టీ కౌన్సెలర్‌ను అడిగితే సరి. తనకు గానీ బిడ్డకు గానీ హాని అనిపిస్తే గర్భిణికీ పాలిచ్చే తల్లికీ రోజా తర్వాత పెట్టుకునే వెసులుబాటు షరీఅత్‌లోనే ఉంది. రోజా కోసం మాత్ర మానేయడం ఎవరూ అడగని త్యాగం.

పిల్లలు కావాలనుకునేవారికి

అనుకోని గర్భం ఆపడమంటే పిల్లలే వద్దని కాదు. హెచ్‌ఐవీ ఉన్న దంపతులు, ఒక్కరికే ఉన్న దంపతులు కూడా సంతానం పొందవచ్చు. పరీక్షలో వైరస్ కనిపించనంతగా అదుపులో ఉన్నవారి నుంచి దాంపత్యం ద్వారా జీవిత భాగస్వామికి సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి మందులు వదలకుండా వాడి, వైరల్ లోడ్ రిపోర్ట్ చూపించి, డాక్టర్ సరేనన్నాకే నిరోధ్ ఆపి ప్రయత్నించాలి. భర్త చనిపోయాక రెండో నికాహ్ చేసుకునే మహిళలు కూడా ఈ మాట ముందే డాక్టర్‌తో, కాబోయే భర్తతో మాట్లాడుకుంటే తర్వాత చిక్కులుండవు.

కందుకూరు నుంచి ఎక్కడికి వెళ్లాలి?

గర్భ పరీక్ష, నిరోధ్, మాత్రలు, ఐరన్ గోలీల కోసం దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త సరిపోతారు. వీరికి హెచ్‌ఐవీ సంగతి చెప్పకుండానే గర్భనిరోధక సాధనాలు అడగొచ్చు.

ఏఆర్టీ వైద్యానికి హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, ఎర్రగడ్డ ఛాతీ దవాఖాన, కింగ్‌కోఠి జిల్లా ఆస్పత్రిలో సెంటర్లు ఉన్నాయి. బిడ్డల వైద్యానికి నీలోఫర్ ఉంది. శ్రీశైలం రోడ్డు నుంచి తుక్కుగూడ, పహాడీ షరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా వచ్చేవారికి పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి దవాఖాన, ఉస్మానియా ఒకే దిక్కున పడతాయి. కాన్పు చెకప్, ఏఆర్టీ మందులు ఒకే రోజు పెట్టుకుంటే కూలి రోజు ఒకటి మిగులుతుంది. పరిస్థితి నిలకడగా ఉన్నవారికి ఒకేసారి రెండు మూడు నెలల మందులిచ్చే ఏర్పాటు ఉంది, అడగాలి.

ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల నిర్మాణ పనులకు ఇతర జిల్లాల నుంచి, రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఊరెళ్లి మందులు తెచ్చుకునే పని లేదు. పాత సెంటర్ నుంచి ట్రాన్స్‌ఫర్ రాయించుకుంటే ఇక్కడే తీసుకోవచ్చు. పుట్టింటికి కాన్పుకు వెళ్లేవారు కూడా ముందే చెప్పి ఏర్పాటు చేసుకోవాలి. కాన్పు ఒక ఊళ్లో, మందుల కార్డు ఇంకో ఊళ్లో ఉంటే బిడ్డ సిరప్ ఆలస్యమయ్యేది అలాగే.

దవాఖానలో కాన్పు చేయమని తిప్పి పంపినా, పేరు బయటపెట్టినా ఫిర్యాదు చేసే దారి ఉంది. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ఆస్పత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలని, రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలని హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. తెలంగాణ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీని కూడా సంప్రదించవచ్చు.

ఇంట్లోవాళ్లు ఏం చేయగలరు?

మాత్ర సమయం గుర్తు చేయడం, దవాఖానకు తోడు వెళ్లడం, ఐదో నెల దాటాక బరువులు మోయనివ్వకపోవడం ఎవరైనా చేయగలిగిన పనులే. భర్త కూడా పరీక్ష చేయించుకోవడం, పాజిటివ్ అయితే మందులు వాడటం భార్యకూ పుట్టబోయే బిడ్డకూ రక్షణ. అన్నిటికంటే ముఖ్యం, విన్న మాట గడప దాటించకపోవడం. ఇంట్లో ఒకరి జబ్బు గురించి బయట చెప్పడం గీబతే. ఆ ఒక్క మాట వల్లే ఎంతోమంది ఆడవాళ్లు దవాఖాన మెట్లెక్కడం మానేస్తున్నారు. అమానత్‌గా దాచిన మాట వల్ల ఒక తల్లి ధైర్యంగా మందు కొనసాగిస్తే, ఇన్షా అల్లాహ్, 18 నెలల తర్వాత ఆ ఇంటికి వచ్చే రిపోర్ట్ నెగెటివ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ.